డాఫ్నీ చదివిన హాస్యపుటలు

జ్యేష్ఠమాసపు మధ్యాహ్నవేళ ప్రచండభానుకిరణసంతప్తమై బిట్రగుంట రైల్వేకాలనీ యంతయు మాటుమణిగి యుండెను. ఇంజనుషెడ్డు గొట్టములనుండి వెలువడిన అంగారధూమము గాలిలేమిచే మీదికి పోజాలక ఎఱ్ఱయిటుకల యిండ్ల పెంకుకప్పులపైననే బూడిదవన్నె దుప్పటివలె వ్రాలియుండెను. బాటల కిరువైపుల నాటిన తురాయిచెట్లు ఆ యెండనంతయు తామే త్రాగి మత్తిల్లినట్లు రక్తవర్ణపుష్పభారమున వంగియుండెను. రాత్రిబండ్లు నడపి వచ్చిన డ్రైవర్లు తలుపులు మూసికొని నిద్రించుచుండిరి. బొగ్గెత్తు కూలీలు సయితము పారలు పడవైచి నీడకు చేరిరి. అట్టివేళ మూడవవరుస చివరి బంగళా వసారానుండి మాత్రము పిల్లల నవ్వులు తెరలుతెరలుగా లేచుచుండెను. ఇది పందొమ్మిదివందల యేబదియేడవ సంవత్సరపు మాట.

ఆ బంగళా రెబీరో అను ఆంగ్లో-ఇండియను డ్రైవరుది. ఆతని కూతురు డాఫ్నీకి అప్పటికి పదునాలుగేండ్లు. లివర్పూలు నగరమందు కాపురముండిన మేనత్త తన పిల్లలు చదివి పారవైచిన హాస్యచిత్రపత్రికలను పురికొసతో గట్టి మూడునెలల కొకసారి ఓడమీద పంపుచుండెను. అవి ఆంగ్లబాలురు వారమువారము చిల్లరడబ్బులకు కొనుకొను ముతకకాగితపు పత్రికలు. సముద్రపు చెమ్మయు సిరావాసనయు గలసిన యా కట్ట విప్పినంతనే డాఫ్నీ మొదటిపుటల సాహసగాథలను విడిచి కడపటి పుటకు పోవుచుండెను. అందొక స్థూలకాయుడగు పోలీసు కనిష్టీబు. గంపవంటి టోపి. వానిని సతాయించు ముళ్లపందితలవంటి జుట్టుగల పిల్లవాడొకడు. వారి వెంట నొక బొల్లికుక్క. దెబ్బ తగిలినవాని తలచుట్టును నక్షత్రములు గిఱ్ఱున తిరుగును. కట్టకడపటి చిత్రములో ఎవడో యొకడు వెదురుబెత్తముతో పిఱుదులపై దెబ్బలు తినును, లేనియెడల ఉడికించిన బంగాళాదుంపల గుట్టలో మాంసపుగొట్టములు గుచ్చిన పళ్లెరము ముందఱ గూర్చుండి పెదవులు నాకును.

ఆ వసారాలో గూడిన పిల్లలలో తూపిలి పెంచలయ్య యొకడు. ఇంజన్లకు చమురు పూయు కోటయ్య కుమారుడు. తొమ్మిదేండ్లవాడు. ఆంగ్లాక్షరములు వానికి రావు, మిగిలినవారికిని రావు. కావున డాఫ్నీ ఒక్కొక్క గడిపైన వ్రేలుంచి దానిలోని మాటలను తెలుగున చదివెడిది. చదివెడిదని వారనుకొనిరి.

"అక్కా, ఆ కొండేంది?" అని బంగాళాదుంపల గుట్టను జూపి పెంచలయ్య యడిగెను.

"సంగటి. ఆ గుచ్చినవి వంకాయలు. కనిష్టీబు వాళ్లత్త చేసింది. ఊరినించి మొన్న దిగింది, ఇంక కదల్లేదు."

"కుక్క ఏమంటా ఉంది?"

డాఫ్నీ యా గడివంక కొంతసేపు చూచి కుక్క గొంతుకతో ఇట్లనెను. "తినకుంటే సంగటి చల్లారతాది. తింటే మా అయ్య చల్లారతాడు."

పిల్లలు నేలబడి దొర్లిరి. లోపల నిద్రించుచున్న రెబీరో గోడపై బూటుతో కొట్టి యదిలించెను. డాఫ్నీ నోటికి చేయి యడ్డము పెట్టుకొని మఱియొక గడికి వ్రేలు జరిపెను. బయట దొంగలను గడగడలాడించు కనిష్టీబు వంటింటి గడపలో టోపి చేతబట్టుకొని నిలిచియుండుటను జూపి కుక్క చెప్పిన మాట మఱియొకటి. "మా అయ్య బయట పోలీసు. ఇంట్లో ముద్దాయి."

ఇట్లు నాలుగు వేసవులు గడచెను. పెంచలయ్య యింటికి పోయి బొగ్గుముక్కతో ఇంటివెనుక గోడమీద ఆ కనిష్టీబును ఆ కుక్కను దించుచుండెను. తల్లి సున్నము కొట్టించునంతవఱకు అవి యట్లే యుండెడివి. పిమ్మట కోటయ్యకు గుంతకల్లుకు బదిలీ యయ్యెను. డాఫ్నీ స్టేషనుకు వచ్చి పిల్లవాని జేబులో రెండు పిప్పరమెంట్లు వైచి వెళ్లిపోయెను. ఆ తరువాత వారిరువురును యేబదియెనిమిదేండ్లు కలిసికొనలేదు.

పెంచలయ్య మద్రాసు చిత్రకళాశాలలో చదివి విజయవాడనుండి వెలువడు 'బాలకేళి' యను మాసపత్రికలో కుదురుకొనెను. పందొమ్మిదివందల డెబ్బదిమూడవయేట ఆతడు ఆరంభించిన 'కనిష్టీబు కోదండము' అను హాస్యచిత్రావళి ముప్పదియొక్కయేండ్లు ఎడతెగక నడచెను. ఇంట అత్తగారికి వెఱచు కనిష్టీబు, ఎవరికిని వినబడకుండ పాఠకునితో మాత్రమే మాటలాడు సీజరను కుక్క. బయట పోలీసు ఇంట ముద్దాయి యను మాట యాంధ్రదేశమందు బస్సులలోను కచేరీలలోను పెండ్లిపందిళ్లలోను జనులు వాడుకొనునంతటి ప్రసిద్ధి కెక్కెను. అది యెవరి మాట యని యడుగువారు లేరైరి.

ఆతడు మాత్రము అడుగకయే చెప్పుచుండెను. పత్రికలవారు వచ్చిన ప్రతిసారియు "బ్రిటిషు హాస్యచిత్రకారులే నా గురువులు, బిట్రగుంట వసారాలో చూచిన ఆ పుటలే నా విద్యాలయము" అని పలికెడివాడు. పలుకునపు డాతని కన్నులు చెమర్చుచుండెను. అందు నటన లేదు. మద్రాసులో నున్న దినములలో మూర్‌మార్కెట్టు పాతపుస్తకముల దుకాణములన్నియు ఆ యొక్క పత్రికకొఱకు గాలించెను. దాని తోబుట్టువులవంటివి పెక్కు దొరకెను గాని అది దొరకలేదు. దొరకమి చేతనే ఆతని మనస్సులో అది నానాటికి వన్నె హెచ్చుచు వచ్చెను. ప్రపంచమున నంతటి హాస్యము మఱి పుట్టలేదని ఆతని నమ్మకము.

పందొమ్మిదివందల ఎనుబదిమూడవయేట గూడూరునుండి ఒక యుత్తరము వచ్చెను. అన్నదమ్ములు ఆస్ట్రేలియాకు ఓడయెక్కి పోగా డాఫ్నీ రెబీరో ఆ యూరి మిషను బడిలో చిన్నతరగతులకు టీచరుగా నుండెను. పెండ్లి చేసికొనలేదు. వంకరటింకర తెలుగక్షరములతో నామె యిట్లు వ్రాసెను. "పెంచలా, మా క్లాసు పిల్లోళ్లు నీ బొమ్మలు తెస్తే చూసినా. చానా బాగా వేస్తా ఉండావు. అత్త సంగటి చూసి నవ్వినా. అబ్బయ్యా, అవి ఆ పేపర్లో లేవు. అత్త లేదు. కుక్కకి మాటల్లేవు. మీకు ఇంగ్లీషు రాదని నేనే పుట్టించి చెప్పినా. నాకు డబ్బులొద్దు. ఒక్కసారి కింద డాఫ్నక్క చెప్పింది అని రాస్తావా? పిల్లోళ్లకి చూపిస్తా."

పెంచలయ్య ఆ యుత్తరమును సంపాదకుడగు వామనమూర్తికి జూపెను. వామనమూర్తి చదివి నవ్వి "పేరొస్తే చుట్టాలు పుట్టుకొస్తారయ్యా, జవాబు గట్టిగా రాసెయ్యి" అనెను. ఆ మాట వినకమునుపే పెంచలయ్య మనస్సు నొచ్చియుండెను. తాను దేవతలవలె గొలుచు దూరద్వీపపు చిత్రకారులను ఈమె ఒకే కలముపోటుతో త్రోసి వారి పీఠమున తాను కూర్చుండ జూచుచున్నదని తోచెను. అంతకంటె లోతున మఱియొక భయము గలదు. మహానగరమున ముద్రితమైన కళ తన్ను తీర్చిదిద్దినదనుట ఒక గౌరవము. చమురుకూలి కొడుకునకు డ్రైవరు కూతురు వసారాలో చెప్పిన కబుర్లే తన విద్య యనుట మఱియొకటి. ఆతడు పత్రిక పేరుగల కాగితముమీద ఇట్లు జవాబు వ్రాసి సంతకము చేసెను. "ఆ హాస్యము ప్రఖ్యాత బ్రిటిషు కళాకారులది. మీరు చదివి వినిపించితిరి. చదువుట వేఱు, సృజించుట వేఱు. చిన్ననాటి జ్ఞాపకములలో ఇట్టి పొరపాట్లు సహజము." గూడూరునుండి మఱి యుత్తరము రాలేదు.

కాలము గడచెను. 'బాలకేళి' ఆగిపోయెను. పెంచలయ్య నెల్లూరు చేరి భార్య సుబ్బరత్నమ్మతో స్థిరపడెను. రెండువేల పందొమ్మిదవ సంవత్సరమున ఆ పట్టణపు నేత్రవైద్యురాలు విమలాదేవి, బాల్యమున కోదండమును చదివి పెరిగినది, ఆతనికి సన్మానము తలపెట్టెను. అంతటితో నూరకుండక ఇంగ్లండులోని వేలముశాలకు వ్రాసి ఆ బ్రిటిషు పత్రిక యొక్క పందొమ్మిదివందల యేబదియేడవ సంవత్సరపు సంచికలన్నియు గట్టిన యట్టసంపుటమును తెప్పించి సభకు మూడువారములు ముందుగనే ఆతని చేతికిచ్చెను. "మీరు అరవై ఏళ్లనించి వెతుకుతున్నారు గదా మాస్టారూ" అని యామె యనినపుడు వృద్ధుడు సంపుటమును ఱొమ్మున కద్దుకొనెను.

మఱునాటి యుదయము స్నానము చేసి యుతికిన పంచె కట్టుకొని కిటికీయొద్ద బల్లపై సంపుటము నుంచి పెంచలయ్య తెఱచెను. ఆ ముతకకాగితము, ఆ మసకయెఱుపు, ఆ కనిష్టీబు. మొదటి సంచిక కడపటిపుట చదివెను. పిల్లవాడు అరటితొక్క వైచెను, కనిష్టీబు జారిపడెను, నక్షత్రములు తిరిగెను, బెత్తము లేచెను. అంతే. రెండవదానిలో తొక్కకు బదులు బకెట్టు. మూడవదానిలో రంగుడబ్బా. మాటలు నాలుగైదు, అవియు "అయ్యో", "పట్టుకో", "చూచుకో" అనునవి. పండ్రెండవ సంచికలో తనకు గుండెలమీద పచ్చబొట్టువలె నిలిచిన చిత్రము కానవచ్చెను. దుంపలగుట్ట ముందు కనిష్టీబు, ప్రక్కన కుక్క. పైన "ఆహా, విందు" అని యుండెను. కుక్క నోరు మూసికొనియుండెను. వంటింటి గడపలో టోపి చేతబట్టిన చిత్రమును ఉండెను. అది వంటిల్లు గాదు, ఠాణా. ఎదుట నున్నది అత్త గాదు, పై యధికారి.

ఆతడు ఏబదిరెండు సంచికలును చదివెను. అత్త యెచ్చటను లేదు. కుక్క యొక్కమాటయు నాడలేదు.

కాఫీ తెచ్చిన సుబ్బరత్నమ్మ "ఏంది, జోకుల పుస్తకం నవ్వకుండా చదవతా ఉండారు?" అని యడిగెను. చెడ్డ చిత్రములని చెప్పరాదు. ఎవరి పిల్లలకొఱకు గీసిరో వారికి చాలినంత నవ్వు వానిలో గలదు. కాని ఆతని జీవితమును నిలిపిన నవ్వు వానిలో లేదు. అది గడికిని గడికిని నడుమ నున్న తెల్లని సందులలో పదునాలుగేండ్ల బాలికయొకతె వ్రేలుంచినచోట నప్పటికప్పుడు పుట్టినది.

ఆ వారమే ఆతడు సంపుటమును సంచిలో బెట్టుకొని గూడూరుకు రైలెక్కెను. మిషను బడి వెనుక వరుసయిండ్లలో చివరిగదిలో డెబ్బదియాఱేండ్ల డాఫ్నీ రెబీరో కుట్టుమిషనుముందు గూర్చుండి దిండుగలేబు కుట్టుచుండెను. వాకిట నిలిచినవానిని కన్నద్దములమీదుగా చూచి మిషను ఆపెను.

"పెంచలా. రా మ్యాన్, లోపలికి రా. ఎండన నిలబడినావేంది?"

కుశలప్రశ్నలైన పిమ్మట ఆతడు సంపుటమును దీసి యామె ముందుంచెను. "అక్కా, ఇందులో ఏమీ లేదు. నువ్వు రాసింది నిజం" అనెను. ఆమె పుట త్రిప్పలేదు.

"నిజమా?" అని యడిగెను. "నాకు తెలీదబ్బయ్యా."

"నీకు తెలీకపోవడం ఏంది? నువ్వే గదా రాసినావు."

"రాసినా. తర్వాత నీ జవాబొచ్చింది గదా. పెద్ద ఆర్టిస్టువి, అంత గట్టిగా చెప్పినావు. చూసుకుందామంటే మా దగ్గిర పేపర్లు లేవు, ఎప్పుడో పొయ్యిలోకి పోయినాయి. ఉండేదాన్నే చదివి నాదనుకుంటా ఉండానేమో, నాకే మతి చెదిరిందేమో అనుకున్నా. సిగ్గేసింది. నీకు అట్టా ఎందుకు రాసినానా అని."

వెలుపల బడిగంట మ్రోగెను. అది యాగిన పిమ్మట ఆమె మఱల చెప్పెను.

"క్లాసులో పిల్లోళ్లకి బుక్కులో లేనివి చెప్తా ఉండేదాన్ని. కాకి కత అయితే కాకికి మొగుడు, ఆడపడుచు, అట్టా. మానేసినా. బుక్కులో ఏముంటే అది చదివినా. రిటైరయ్యేదాకా పద్దెనిమిదేళ్లు. ఇన్‌స్పెక్టరు మెచ్చుకున్నాడు కూడా. టీచరమ్మ ఇప్పుడు దారిలో పడింది అన్నాడు."

ఆమె కంఠమందు నిష్ఠురము లేదు. నిష్ఠురమున్నయెడల ఆతడు భరించియుండును. ఊరి వానకబురు చెప్పునట్లు చెప్పుచుండెను. ఆతడు పండ్రెండవ సంచిక కడపటిపుట తెఱచి దుంపలగుట్టను జూపెను. "అక్కా, చూడు. ఇప్పుడు చెప్పు, కుక్క ఏమంటా ఉంది?"

డాఫ్నీ కన్నద్దములు తుడిచికొని వంగి చూచెను. వ్రేలు గడిమీద నుంచెను. చాలసేపు చూచెను. ఆతడు ఆమె పెదవులవంకనే చూచుచుండెను.

"ఏమీ అనడం లేదు" అనెను. "నోరు మూసుకోనుంది గదా."

"ఇంకోసారి చూడక్కా."

"రాదురా. అప్పుడొచ్చేది." ఆమె సంపుటము మూసి ఆతనివైపు జరిపెను. "టీ పెడతా, తాగి పో."

టీ త్రాగుచు నాతడు సన్మానసభకు రమ్మని బ్రతిమాలెను. అందఱి యెదుట నిజము చెప్పెదననెను. ఆమె తల యడ్డముగా ద్రిప్పెను. "నేనొచ్చి అక్కడ కుర్చీలో కూర్చోని ఏం జేస్తా? చెప్పాలనుంటే చెప్పు, వద్దనను. పేరు మాత్రం సరిగ్గా చెప్పు. డాఫ్నీ రెబీరో." ఆతడు లేచునప్పటికే ఆమె మిషను చక్రముమీద చేయి వైచెను. వాకిలి దాటిన పిమ్మట కుట్టు చప్పుడు మొదలగుట ఆతనికి వినబడెను.

సభ నిండుగా జరిగెను. విమలాదేవి దుశ్శాలువ కప్పి యాతని హాస్యమును వేనోళ్ల గొనియాడెను. పెంచలయ్య లేచి కాగితము లేకుండ మాటలాడెను. కనిష్టీబు కోదండము తనది గాదనెను. బ్రిటిషు చిత్రకారులదియు గాదనెను. సంగటిమాట చెప్పి యిది డాఫ్నీ రెబీరో మాట యనెను. సంగటిమాట వినగానే సభ యెల్ల గొల్లున నవ్వెను. ముద్దాయిమాట చెప్పెను. చప్పట్లు మ్రోగెను. ఆమె వ్రాసిన యుత్తరమునుగూర్చియు తాను వ్రాసిన జవాబునుగూర్చియు చెప్పి "నేను ఆమె నోరు మూయించినాను" అనినపుడును ముందువరుసలవారు సీజరు పలుకబోవు తరువాతి చమత్కారమునకై ముఖములు విప్పార్చుకొని నవ్వుటకు సిద్ధముగా కూర్చుండిరి. ముప్పదియొక్కయేండ్లు తమ్ము నవ్వించినవాడు నోరు విప్పిన నవ్వవలెనని వారి యలవాటు. ఆ యలవాటు ఆతడు చేసినదే.

"ఇది వేళాకోళం కాదండీ. నేను తప్పు చేసినాను" అని యాతడు చెప్పెను. విమలాదేవి ఆర్ద్రనయనయై మైకు అందుకొని "ఇంత ఎత్తుకెదిగి కూడా ఎంత వినయమో చూడండి" అనగా సభాసదులు లేచి నిలిచి కరతాళధ్వనులు సలిపిరి. ఆ ధ్వనిలో ఆతడు చెప్పిన మిగిలిన మాటలు ఎవరికిని వినబడలేదు.

మఱునాటి పత్రికలో జిల్లావార్తల పుటలో ఆతని ఛాయాచిత్రముక్రింద ఇట్లుండెను. చిన్ననాట డాఫొడిల్ అను నాంగ్లవనిత బ్రిటిషు హాస్యపత్రికలను చదివి వినిపించి తమలోని కళాకారుని మేల్కొల్పెనని శ్రీ పెంచలయ్యగారు వినమ్రతతో తెలిపి సభను కడుపుబ్బ నవ్వించిరి.

ఆతడు ఆ పూటయే పత్రికాకార్యాలయమునకు దిద్దుబాటు వ్రాసెను. నాలుగు పుటలు వ్రాసెను. పదునొకండు దినములైన పిమ్మట రైళ్ల వేళల పట్టికక్రింద రెండు పంక్తులు పడెను. గతవార్తలో డాఫొడిల్ అని పడినచోట డాఫ్నీ రెబీరో అని చదువుకొనవలెను. ఆమె యెవరో, ఏమి చేసినదో, ఆ పంక్తులలో లేదు. గూడూరులో ఆ పత్రిక వచ్చునో రాదో, వచ్చినను ఆమె చూచెనో లేదో పెంచలయ్య యెఱుగడు. తెలిసికొనుటకు పోవలెనని పలుమారు చొక్కా తొడిగికొనెను. పోలేదు.

లోకము మఱచును. దానికి మఱపు స్వభావము, అందు ద్వేషము లేదు. కాని యొకరి నోటినుండి పుట్టిన నవ్వుతో బ్రదికి, అది నీది గాదని ఆ నోటికే వ్రాసి క్రింద సంతకము చేసినవానికి మఱపు అను శరణము లేదు. ఆ సంతకమును చెఱుపుటకు ఆతనికి మిగిలినది సత్యమొక్కటియే. ఆ సత్యమును జనులు విని మెచ్చుకొని నవ్వుకొనుచు ఇండ్లకు పోయిరి.